ఆరోగ్యవంతుడి కప్పు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అందులోనూ నా అచ్చుపనికి వంక పెడితే అస్సలు ఊరుకోను. ముప్పై ఏళ్లు విజిటింగ్ కార్డులూ, మందుల అట్టపెట్టెలూ అచ్చేసిన చెయ్యి ఇది. అలాంటిది మా మేనకోడలు పదిహేను రోజుల్లో మూడుసార్లు నా షీట్లు తిప్పి పంపింది.

అది ల్యాబులో పనిచేస్తుంది. మూత్రపిండాల జబ్బును ముందే పసిగట్టే పట్టీల పని నాకు ఇప్పించింది కూడా అదే. ప్లాస్టిక్ షీటు మీద కార్బన్ ఇంకుతో నేను సన్నటి గీతలు అచ్చేస్తాను. వాటి మీద అది ఏదో మందు వేస్తుంది. షీటును పట్టీలుగా కోసి, ఒకటి మూత్రంలో ముంచి చిన్న మీటరుకు తగిలిస్తే, ప్రొటీన్ ఎంత పోతోందో అంకె చెబుతుంది. ఆపైన పట్టీని పారేయడమే.

సరిచూసుకోవడానికి జబ్బు లేని మనిషి మూత్రం కావాలంది. "నేనుండగా ఇంకొకరెందుకే? ఇంతవరకూ డాక్టరు మొహం చూసినవాణ్ణి కాదు" అన్నాను. షీట్లు పంపిన ప్రతిసారీ ఒక కప్పు నింపి, మూతపెట్టి, 'ఆరోగ్యవంతుడిది' అని గుండ్రంగా రాసి మరీ ఇచ్చేవాణ్ణి. మా ఆవిడ పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది.

"మళ్లీ ఎక్కువ చూపిస్తోంది మామయ్యా. అచ్చులోనే ఏదో తేడా ఉంది" అని ఫోను. ఒళ్లు మండిపోయింది. ఇంకు దిగే జాలీ స్క్రీన్ మార్చాను, ఇంకు మార్చాను, షీట్లు ఆరబెట్టే ఓవెన్‌ని నానా తిట్లూ తిట్టాను. భూతద్దం పెట్టి చూస్తే వెంట్రుకవాసి తేడా కనబడలేదు. నాలుగోసారీ తప్పితే పని వేరేవాళ్లకి ఇచ్చేస్తానన్నాడట వాళ్ల పెద్దసారు. నాకు అన్నం సయించలేదు.

నాలుగో విడత షీట్లు పట్టుకెళ్లిన మర్నాడు పిల్ల తనే షాపుకొచ్చింది.

"ఏం, ఇవీ పోయాయా?" అని గయ్యిమన్నాను.

"లేదు మామయ్యా. ఈసారి ఒకే షీటు పట్టీలతో నాదీ, అత్తయ్యదీ కూడా చూశాను. రెండూ సరిగ్గా వచ్చాయి."

"చూశావా! మరి మీ పెద్దసారుకి చెప్పావా?"

"చెప్పాను. ఇంత శుభ్రమైన అచ్చు ఎక్కడా చూళ్లేదన్నారు."

ఆ మాట కోసమే మొహం వాచి ఉన్నాను. కానీ పిల్ల నవ్వడం లేదు. ఇంకు మరకల నా చెయ్యి పట్టుకుంది.

"మొదటి మూడు విడతలూ మంచివే మామయ్యా. డాక్టరు నిన్ను మధ్యాహ్నం మూడింటికి రమ్మన్నారు. ఇంత తొందరగా తెలిసింది కాబట్టి మందులతో అదుపులో పెట్టొచ్చట. పద, చొక్కా మార్చుకో."

అప్పుడు అర్థమైంది. భయం వేసింది.

"ఒక్కసారి," అన్నాను, "నా అచ్చే తప్పని చెప్పవే తల్లీ."