మచ్చబండ

కాలేషా ముప్పై ఏళ్లుగా బండలు అమ్ముతున్నాడు గానీ, ఏనాడూ బండ మొహం చూసిన మనిషి కాదు. చూడాల్సిన పని పడలేదు. బండకి మందం చూడాలి, అంచు చూడాలి, నాలుగు మూలలూ మట్టానికి వచ్చాయో లేదో చూడాలి. వేలి కణుపుతో కొడితే కంగుమనాలి. బొదబొదమంటే లోపల పొర విడినట్టు లెక్క. ఇవన్నీ సరిపోతే సరుకు, లేకపోతే కంకర. మొహం సంగతి కొనుక్కునేవాడిది.

మాచర్ల ఊరి చివర రోడ్డు పక్కన అతని యార్డు. ఒకప్పుడు అక్కడ మూడు పాలిష్ మిషన్లు పొద్దున్నుంచి సాయంత్రం దాకా తిరిగేవి. ఇప్పుడు ఒకటి తిరుగుతోంది, అదీ పని ఉన్న రోజున. జనం ఇళ్లు కట్టుకోవడం మానలేదు. నాపరాయి మానేసి టైల్స్‌కి పోయారు. యార్డు అద్దెకిస్తే టైల్స్ గోడౌన్ పెట్టుకుంటానని ఒకాయన రంజాన్‌కి ముందు నుంచీ అడుగుతున్నాడు. కాలేషా ఔననలేదు, కాదనలేదు. ఆ ఎండాకాలంలో ఇల్లు మొత్తానికి సరిపడా వెళ్లిన లోడు ఒక్కటే, క్రోసూరు హనుమాయమ్మ గారిది. ఈ లోడు నిలబడితే వానలొచ్చేదాకా లాగొచ్చు, తిరిగొస్తే గోడౌన్ ఆయన్ని పిలవడమే అని మనసులో ఒక మాట అనుకున్నాడు. ఒకసారి ఇంటిదాకా వెళ్లి తిరిగొచ్చిన బండని మళ్లీ ఎవరూ కొనరు. ఎత్తుడు దింపుడులో మూలలు పోతాయి, బజారంతా తెలిసిపోతుంది, చివరికి కంకర చేసే క్రషర్‌కే తోలాలి.

లోడు వెళ్లిన నాలుగో రోజు ఫోను వచ్చింది.

"సాయిబూ, నువ్వు ఫోటోలో చూపిచ్చింది ఒకటి, పంపిచ్చింది ఇంకోటి. పని ఆపించా. వచ్చి చూసుకో. లేదంటే లారీ పంపిచ్చి ఎత్తుకుపో" అంది హనుమాయమ్మ. అరవలేదు. అరిచి ఉంటే కాలేషా ఇంత దిగులు పడేవాడు కాదు. అరిచేవాళ్లతో బేరం ఉంటుంది.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాడు. గురజాల దాటి, పిడుగురాళ్ల సున్నం పొగ దాటి, సత్తెనపల్లిలో బస్సు మారేసరికి మోకాలు బిగుసుకుపోయింది. దారిలో ఆమెకి పంపిన ఫోటో తీసి చూసుకున్నాడు. నల్లగా నిగనిగలాడుతూ ఉంది దొంతర. ఉంటుంది మరి. పొడిగా ఉన్న నాపరాయి బూడిద రంగు. మగ్గుడు నీళ్లు కొడితే చెరువులోంచి లేచిన గేదె వీపులా మెరుస్తుంది. నీళ్లు కొట్టి ఫోటో తీయని బండల వ్యాపారి మాచర్లలో లేడు. ఆరిపోయేలోపు తీయాలి, అంతే. ఇప్పుడు ఆమె అడగబోయేది ఆ రంగు గురించే అని అతనికి తెలుసు. చెప్పాల్సిన మాటలు దారి పొడుగునా పేర్చుకున్నాడు. మైనం పాలిష్ వేయిస్తాననాలి. ఏడాది నడిస్తే మెరుపు అదే వస్తుందనాలి. ఈ మాటలు ఎన్నో ఇళ్లలో పనికొచ్చాయి. కానీ ఈసారి వాటిని మోస్తుంటేనే బరువుగా ఉంది.

కొత్త ఇంటి ముందు వేపచెట్టు కింద హనుమాయమ్మ భర్త వెంకట్రామయ్య ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, పక్కన ఇద్దరిని పెట్టుకుని పంచాయతీ మాటలు మాట్లాడుతున్నాడు. కాలేషాని చూడగానే ఆ మాటలు ఆపేశాడు.

"రావయ్యా సాయిబూ. ఫోటో చూసి మనసు పడి పెళ్లిలో మోసపోయినోళ్లని చూశా గానీ, బండల్లో చూడటం ఇదే మొదలు. ఇంటిల్లిపాదీ టైల్స్ అంటే మా ఇంటిది ఒక్కతే బండలంది. ఇప్పుడు బూడిదలో కాపరం పెట్టాలంట."

పక్కనున్న ఇద్దరూ నవ్వారు. కాలేషా కూడా నవ్వాడు. కొనేవాడు వేసే జోకుకి నవ్వడం కూడా సరుకులో భాగమే.

హనుమాయమ్మ లోపలి నుంచి వచ్చింది. యాభై దాటిన మనిషి, చీర కొంగు నడుముకి దోపి ఉంది. మంచినీళ్లు ఇచ్చి, తాగేదాకా ఆగింది.

"అక్కా, రంగు సంగతైతే..." అని మొదలుపెట్టాడు కాలేషా.

"రంగు నాకు తెలీదనుకున్నావా? మా పుట్టింట్లో బండలే. నీళ్లు కొట్టి తీసిన ఫోటో అని చూసిన రోజే తెలుసు. నేను రంగు అడగట్లా. నా చెట్టు ఏది?"

"ఏం చెట్టక్కా?"

ఆమె ఫోను తీసి, ఆ ఫోటోనే తెరిచి, రెండు వేళ్లతో పెద్దది చేసి అతని మొహం ముందు పెట్టింది. పై బండ కుడి మూలన ఒక చిన్న చెట్టు ఉంది. సన్నని కాండం, దాంట్లోంచి కొమ్మలు, కొమ్మల్లోంచి రెమ్మలు, రెమ్మల చివర పొడిపొడిగా ఆకులు. ఎవరో తీరుబడిగా కూర్చుని సన్నటి కుంచెతో వేసినట్టుంది. ఆ ఫోటో తీసింది కాలేషానే. ఆమెకి పంపిందీ, పొద్దున బస్సులో చూసుకుందీ అతనే. చెట్టు మాత్రం కనపడలేదు.

"అది మచ్చక్కా. రాతిలో పుట్టుమచ్చ."

"నీకు మచ్చ. నేను చెట్టు చూసే కొన్నా. గుమ్మంలోంచి రాగానే హాల్లో అది కనపడాలని ఇంట్లో అందరితో పోట్లాడా. ఆ బండ చూపిచ్చు. చూపిస్తే మిగతావి ఎట్టా ఉన్నా మాట్లాడకుండా పరిపిచ్చుకుంటా. లేదంటే లారీ పిలువు."

మేస్త్రీ గురవయ్య గోడకి ఆనుకుని వక్క నములుతున్నాడు. పని ఆగినా అతనికి కూలి ఆగలేదు గనక తొందర లేదు.

దొడ్లో ప్రహరీ వారగా బండల దొంతర్లు నిలబెట్టి ఉన్నాయి. కాలేషా మగ్గు, తడిగుడ్డ అడిగి తీసుకుని, ఒక సిమెంటు బస్తా మీద కాలు చాపుకుని కూర్చున్నాడు. ఒక్కో బండ ముందుకి వాల్చడం, తుడవడం, నీళ్లు కొట్టడం, ఫోటోతో పోల్చడం, పక్కకి జరపడం. అదే పని. మొదట చెయ్యి అలవాటు కొద్దీ అంచు మీదికే పోయింది. కన్ను మందం కొలిచింది. రెండు మూడు బండలు అలాగే దాటేసి, మొహం చూడలేదని గుర్తొచ్చి మళ్లీ వెనక్కి లాగాడు.

ఇలా కాదనుకుని ప్రతి బండకీ ఫోనుతో ఒక ఫోటో తీసి, దాన్ని పెద్దది చేసి చూడటం మొదలుపెట్టాడు. అప్పుడు పని తేలికైంది. ఫోనులో బండకి మందం లేదు. అంచు లేదు. మూలమట్టం లేదు. అతనికి తెలిసినవన్నీ ఆ చట్రానికి బయటే ఉండిపోయి, మొహం ఒక్కటే లోపల మిగిలింది.

ఒకదాని మీద వాన వెలిసిన ఇసుకలో నీళ్లు పారినట్టు గీతలు. ఒకదాని మీద నెయ్యి ఒలికినట్టు పసుపు. ఇంకోదాంట్లో పొగ, కింద సన్నగా మొదలై పైన విడిపోతూ. ఒక బండ మీద ఆకుపచ్చ నరాలు చూసి సాబిరా చేతులు గుర్తొచ్చాయి. పెళ్లాం చేతుల మీద నరాలు అంతగా తేలాయని కూడా ఇప్పుడే, ఈ రాయి చూసి గుర్తొచ్చింది. ఎన్ని వేల బండలు ఈ చేతుల మీదుగా పోయాయో. అన్నిటికీ మొహాలు ఉండే ఉంటాయి. ఆ ఆలోచనకి సంతోషం రాలేదు. ఎక్కడో రావాల్సిన బాకీ ఏళ్ల తరబడి వదిలేసినట్టు, ఒళ్లంతా అలసట ఆవరించింది.

ఎండ నెత్తికెక్కింది. హనుమాయమ్మ మజ్జిగ తెచ్చి పెట్టింది. చివరి దొంతర కూడా అయిపోయింది. చెట్టు లేదు.

"ఏందయ్యా, దొరికిందా అడివి?" అని వేపచెట్టు కింద నుంచి కేకేశాడు వెంకట్రామయ్య.

గురవయ్య వక్క ఉమ్మి వచ్చాడు. "నాకొకటి అర్థం కాలా సాయిబూ. మచ్చబండ కోసం ఈ దొంతర్లలో ఎతుకుతావేంది? గుర్తు పెట్టినయ్యన్నీ మొన్ననే వెనకమాల వేసేశాగా."

"ఏం గుర్తు?"

"నువ్వు పెట్టిందే. సుద్దతో ఇంటూ."

మచ్చ ఉన్న బండకి వెనక వైపు సుద్దముక్కతో ఇంటూ గుర్తు వేసి పంపడం కాలేషా యార్డు పద్ధతి. ఆ గుర్తు ఉంటే మేస్త్రీ అడగనక్కర్లేదు, కంటికి కనపడని చోట వేసేస్తాడు. కొనేవాడు మచ్చలున్నాయని గొడవ చేయడు. ఎన్నో ఏళ్లు ఒక్క తగాదా రాకుండా కాపాడిన గుర్తు అది. బేరానికి ముందు ఆ చెట్టుబండని నిలబెట్టి ఫోటో తీశాడు. బేరం కుదిరాక లోడు చేసేటప్పుడు దాన్నే తిప్పి ఇంటూ కొట్టాడు. రెండూ ఈ చేత్తోనే.

హనుమాయమ్మతో కలిసి ముగ్గురూ ఇంటి వెనక్కి నడిచారు. వంటింటి తలుపు దాటాక నీళ్ల తొట్టి, దాని పక్కన గిన్నెలు తోముకునే చోటు. అక్కడి బండలన్నీ సిమెంటు దుమ్ముతో ఒకటే తెలుపు. కాలేషా తొట్టిలో నీళ్లు ముంచి పోశాడు. దుమ్ము కొట్టుకుపోయింది. తొట్టి మూలన ముందు కాండం వచ్చింది. తర్వాత కొమ్మలు. నీళ్లు రాతిలోకి ఇంకే కొద్దీ రెమ్మలు, ఆకులు. ఫోటోలో కంటే చెట్టు పెద్దదిగానే ఉంది.

వీళ్లు వెనక్కి వెళ్లడం చూసి వెంకట్రామయ్య కూడా వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు. "ఊడదీసి హాల్లో వెయ్యరాదూ" అన్నాడు చివరికి.

"సిమెంటు పట్టేసింది బాబాయ్. గునపం పెడితే పొరలు పొరలుగా లేచిపోయిద్ది" అన్నాడు గురవయ్య.

కాలేషా పేర్చుకొచ్చిన మాటల్లో ఇక్కడికి సరిపోయేది ఒక్కటీ లేదు. "అక్కా, ఇట్టాంటిది ఇంకోటి ఇస్తానని చెప్పలేను. ఉండొచ్చు. ఉన్నా నేను చూళ్ళేదు. తప్పు నాదే. రేపు లారీ పంపిస్తా" అన్నాడు. ఆ మాట అన్నాక గోడౌన్ ఆయన మొహం కళ్ల ముందు కదిలింది. పోనీలే, కూర్చుని అద్దె తినొచ్చు అనుకున్నాడు. మోకాలు కూడా అదే అంది.

హనుమాయమ్మ తొట్టి పక్కన, రేపు గిన్నెలు ముందేసుకుని కూర్చోబోయే చోటే, గొంతుకూర్చుంది. ఎండకి బండ అంచుల నుంచి ఆరుతోంది. ఆకులు పోయాయి. రెమ్మలు పోయాయి. ఆమె చెంబెడు నీళ్లు పోసింది. మళ్లీ వచ్చాయి.

"హాల్లో వేసుంటే ఈయన దాని మీద సోఫా వేయిచ్చేవోడు" అంది భర్త వైపు చూడకుండా.

"నేనా?"

"నువ్వే. ఆ సోఫాలో నీ జనం కూర్చునేవోళ్లు. చెప్పులేసుకుని." ఇంకో చెంబు పోసింది. "ఈడ నేను తప్ప ఎవరూ కూర్చోరు. నీళ్లకీ కరువుండదు. ఇది ఆరేది లేదు." మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. "లారీ వద్దులే సాయిబూ. గురవయ్యా, పని కానియ్యి. ఇంటూలు వేసినయ్యి ఇంకేమైనా మిగిలుంటే నాకు చూపిచ్చి వెయ్యి."

కాలేషా తల ఊపాడు. లోడు నిలబడింది. కానీ గెలిచినట్టు లేదు. తను అమ్మని సరుకేదో ఆమే వెతుక్కుని కొనుక్కున్నట్టుంది.

గేటు దాకా వచ్చాక ఆమె అడిగింది. "అవును గానీ, మీ ఇంట్లో ఏం పరిచావు?"

అబద్ధం చెప్పే ఓపిక కూడా లేదు. "టైల్సక్కా."

వెంకట్రామయ్య దగ్గొచ్చేదాకా నవ్వాడు.

మాచర్లలో దిగేసరికి పొద్దు వాలుతోంది. ఇంటికి పోకుండా యార్డులోకి వెళ్లి మంచం మీద కూలబడ్డాడు. వాలు వెలుతురు దొంతర్ల మీద అడ్డంగా పడుతోంది. ఫోను మోగింది. చిలకలూరిపేట నుంచి ఒకాయన. ఇల్లు కడుతున్నాడట, బండల ఫోటోలు పంపమన్నాడు. కాలేషా ఉన్న చోటు నుంచే ఎదురు దొంతరని ఉన్నది ఉన్నట్టు, పొడిగా, దుమ్ముతో ఒక ఫోటో తీసి పంపాడు.

జవాబు వెంటనే వచ్చింది. "ఏందన్నా బూడిదలా ఉంది? నీళ్లు కొట్టి పంపు."

కాలేషాకి నవ్వొచ్చింది. మోకాలు పట్టుకుని లేచి మగ్గులో నీళ్లు పట్టాడు. మంచి దొంతర దాకా వచ్చి ఆగాడు. వెనక గోడ వారగా మచ్చలు మరీ ఎక్కువై, క్రషర్ ట్రాక్టరు కోసం వీపు చూపించుకుని నిలబడ్డ బండలున్నాయి. అన్నిటి మీదా అతని సుద్దగుర్తే. అందులో ఒకదాన్ని పట్టి లాగాడు. బరువుకి మోకాలు గుచ్చింది. ఇంటూని అరచేత్తో రుద్దాడు. పూర్తిగా పోలేదు. సరేలెమ్మని బండని ముందుకి తిప్పి, దొంతరకి ఆనించి నిలబెట్టి నీళ్లు పోశాడు.

చెట్టు కాదు. బురదలో పిచ్చుకలు తిరిగినట్టు చిన్న చిన్న జాడలు, ఒక మూల నుంచి ఇంకో మూలకి. కాలేషా వంగి, అంచులు రాకుండా, మొహం ఒక్కటే పడేలా ఫోటో తీసి పంపాడు.

అవతలి మనిషి ఇంకా చూడలేదు. పిచ్చుకల జాడలు ఒక పక్క నుంచి ఆరిపోతున్నాయి. ఇంకో మగ్గు పోశాడు.