గుడ్డ మూటల మీద ఇల్లు

తాడు అరచేతుల్ని కోసేస్తున్నా ఆమె వదల్లేదు. వదిలితే మట్టి తట్ట పోయి గోతిలో ఉన్న మొగుడి నెత్తిన పడుతుంది. వంటింటి మూలన గచ్చు పగలగొట్టి తవ్విన గొయ్యి అది. పొద్దుటి నుంచీ అతను తవ్వి తట్ట నింపుతున్నాడు, ఆమె పైకి లాగి పెరట్లో పోసి వస్తోంది. గోతికి అటూ ఇటూ రెండు ఇనుప జాకీలు మూలగోడ కింది బీమును మోస్తున్నాయి. గోడ మీద పగులు పొయ్యి గట్టు దగ్గర పుట్టి కిటికీ దాకా ఏటవాలుగా పాకింది. కొన్నప్పుడు ఆ గోడ లేత నీలం రంగుతో నున్నగా, చూడముచ్చటగా ఉండేది. ఏడాది తిరక్కుండానే గరిటె కాడ దూరేంత చీలింది.

గుమ్మంలో గొంతుక్కూర్చున్న మేస్త్రీ సిగరెట్టు కాలుస్తూ, గట్టి నేల తగిలేదాకా తవ్వాల్సిందేనన్నాడు. అక్కణ్ణుంచి కాంక్రీటు దిమ్మ కట్టుకొస్తే మూల నిలబడుతుందట. ఆ గట్టి నేల ఎంత లోతున ఉందో మాత్రం ఆయన చెప్పలేదు. గొయ్యి అప్పటికే మొగుడి తల దాటింది. ఇటుక ముక్కలు వచ్చాయి, పాత టైరు వచ్చింది, పుచ్చిన మొద్దులు వచ్చాయి. నేలనదగ్గది ఒక్క పిడికెడు రాలేదు.

ఆమె బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేస్తుంది. ఒక రోజు మానేస్తే రోజున్నర కూలి కోసేస్తారు. మొగుడు టిప్పరు డ్రైవరు. బండి తోలని రోజు అతనికీ పైసా రాదు. తవ్వడానికి కూలివాళ్లని పెట్టే తాహతు లేక ఇద్దరూ పనులు మానేసి సొంతింటికి కూలీలయ్యారు. పదకొండేళ్లు నోరు కట్టుకుని కొన్న ఇల్లు మరి.

ఈసారి తట్ట తేలిగ్గా వచ్చింది. అందులో మట్టి లేదు. నల్లగా నాని, కుళ్లిన వాసన కొడుతున్న గుడ్డ మూట ఉంది. ఆమె దాన్ని తీసి పక్కన పడేయబోయి ఆగిపోయింది. మూటని ఒక గుడ్డ అంచు ముక్కతో కట్టారు. రెండు చుట్లు తిప్పి, ముడేసి, కొసని లోపలికి దోపేసి ఉంది.

కుట్టుపనిలోకి మారకముందు ఆమె ఆ ఫ్యాక్టరీలోనే వేస్టు గదిలో చేసింది. కత్తిరింపుల్లో మిగిలిన పీలికల్ని మూటలు కట్టాలి. మూటకింత అని కూలి. ఎవరి మూటలెన్నో సూపర్‌వైజరు లెక్క తేల్చుకోవడానికి ఒక్కో ఆడమనిషీ ఒక్కోలా ముడి వేసేది. కొసని లోపలికి దోపేది ఆమె ఒక్కతే. ఆ మూటలు లారీల్లో ఎక్కడికో పోయేవి. ఎక్కడికని ఆమె ఎన్నడూ అడగలేదు. కూలి చేతిలో పడ్డాక ఎవరడుగుతారు?

"ఇది నేను కట్టిన మూట" అంది గోతిలోకి వంగి.

అతను తలెత్తలేదు. "పెరట్లో పారెయ్."

"నా చేత్తో కట్టినది నా వంటింటి కిందకి ఎలా వచ్చింది?"

"నేను పొయ్యలేదు, ఒట్టు. ఇటువైపు పోసిందంతా పొట్టోడు."

పొట్టోడంటే మరో టిప్పరు డ్రైవరు. ఈ వరస ఇళ్లలోనే అవతలి చివరికి దగ్గర్లో ఉంటాడు. మొగుడు ఏ ముహూర్తాన అలా చెప్పాడో గానీ ఆ మాట ఆమె చెవిలో ముల్లులా ఉండిపోయింది. పోసింది పొట్టోడని ఇంత గట్టిగా తెలిసినవాడు ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?

అడిగే లోపు మేస్త్రీ గుమ్మంలోంచి లేచి ఫోను పట్టుకుని వీధిలోకి వెళ్లాడు. ఆయన మళ్లీ వచ్చేసరికి వెనకాల కాంట్రాక్టరున్నాడు. ఈ వరస ఇళ్లన్నీ కట్టి అమ్మింది ఆయనే. జాకీలు ఆయనవి, మేస్త్రీ ఆయన మనిషి. అద్దె అక్కర్లేదు, పాపం మనవాళ్లేనని జాకీలు పంపించినప్పుడు మొగుడూ పెళ్లాం ఇద్దరూ చేతులెత్తి దణ్ణం పెట్టారు. ఇప్పుడాయన గోతిలోకి ఒకసారి తొంగి చూసి, మూటని చూసి, ముందుగా కిటికీ రెక్కలు వేశాడు.

"చెల్లెమ్మా, కంగారు పడకు" అన్నాడు. పనిలో పెట్టుకునే ఆడవాళ్లందరూ ఆయనకి చెల్లెళ్లే. తెల్లారేసరికి కాంక్రీటు లారీ పంపిస్తానన్నాడు. గొయ్యి నిండా పోయించుకోమన్నాడు, పగులు పూడ్చి మళ్లీ నీలం రంగు కొట్టిస్తానన్నాడు, ఒక్క రూపాయి ఇవ్వక్కర్లేదన్నాడు. పైగా డ్రైవరుకి ఇక ట్రిప్పుల లెక్క కాకుండా తన దగ్గరే నెల జీతం మీద బండి ఇస్తానన్నాడు. ఒక్కటే కోరిక, ఈ మూట సంగతి ఈ నాలుగు గోడలు దాటకూడదు.

"అలాగే సార్" అని గోతిలోంచి వెంటనే వినిపించింది.

ఆమె మాత్రం మిగతా ఇళ్ల సంగతేమిటని అడిగింది. కాంట్రాక్టరు నవ్వాడు. "మిగతావాళ్లు హాయిగా ఉన్నారుగా. హాయిగా ఉన్నవాళ్లని బెదరగొట్టడం ఏం బాగుంటుంది? అయినా మాటంటూ బయటికి పోతే ఎవరెక్కడ ఏం పోశారో అదీ పోతుంది. ఏరా డ్రైవరూ, పోనిద్దామా?"

గోతిలో పార చప్పుడు ఆగిపోయింది.

ఆమె గోతి అంచున కూర్చుంది. కాంట్రాక్టరు అక్కడ లేనట్టే, "నువ్వెక్కడ పోశావు?" అని మొగుణ్ణి అడిగింది. రెండుసార్లు అడిగాక అతను చెప్పాడు.

ఈ వరస ఇళ్ల కింద ఒకప్పుడు రాళ్ల క్వారీ ఉండేది. రాయి అయిపోయాక పెద్ద గుంట మిగిలింది. దాన్ని పూడ్చేటప్పుడు జానెడు జానెడు మందాన మట్టి పరిచి, నీళ్లు కొట్టి, రోలరు నడపాలి. రోలరు వచ్చింది, తనిఖీకొచ్చిన పెద్దమనుషులు చూసి వెళ్లారు, వాళ్ల వెనకే రోలరూ వెళ్లిపోయింది. మట్టికైతే కాంట్రాక్టరు డబ్బులివ్వాలి. ఫ్యాక్టరీ వేస్టుకైతే ఫ్యాక్టరీవాళ్లే ఎదురు డబ్బులిస్తారు. ఇక మట్టెవరు తెస్తారు? డ్రైవర్లకి ఏది పోసినా ట్రిప్పు కూలి ఒకటే. గుడ్డ తేలిక గనుక బండి తొందరగా తిరుగుతుంది, రోజుకి రెండు ట్రిప్పులు ఎక్కువ పడతాయి. పైన రెండడుగులు ఎర్రమట్టి కప్పారు. చూడ్డానికి బల్లలా ఉంది.

ఇళ్లు అమ్మకానికి వచ్చినప్పుడు డ్రైవర్లకి ధరలో కొంత తగ్గించారు. అతను గుడ్డలు పోసింది అవతలి చివర. అందుకని ఇవతలి చివర ఇల్లు ఏరుకున్నాడు. ఇవతల గుడ్డలు పోసిన పొట్టోడు అవతలికి పోయి కొన్నాడు. తను పోసిన చోటు తప్ప మిగతాదంతా మంచి నేలేనని ఇద్దరూ అనుకున్నారు. ఎంత తెలివైనవాళ్లు! రోజూ వీధి మొగలో కలిసి టీ తాగుతూ, నీ ఇల్లెలా ఉందని ఒకరినొకరు పలకరించుకునేవాళ్లు. ఎదుటివాడు తన చెత్త మీద కాపురం చేస్తున్నాడని ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ పొట్టలో దాచుకుని నవ్వుకున్నారు.

ఆమెకి మొగుడి మీద అసహ్యం వేసింది. దాని వెనకే ఇంకొకటి గుర్తొచ్చింది. అవతల చిట్టచివరి ఇల్లు ఆసుపత్రి ఆయాది.

ఆయా ఒంటరి మనిషి. రాత్రి డ్యూటీలు చేసి కూడబెట్టుకుంది. ఇల్లు కొనేముందు, నేల నింపినవాడివి నీకు తెలుస్తుంది తమ్ముడూ అంటూ ఈమె మొగుడి దగ్గరికే వచ్చింది. మొదట ఆయా ఈ మూలింటి మీదే మనసు పడింది. అవతలి చివరిల్లు తీసుకో అక్కా, గాలొస్తుందని అతనే ఒప్పించాడు. ఈ ఇంటికి పగులొచ్చిన రోజున ఆ ఆయాయే పరిగెత్తుకొచ్చింది. పడిపోయే గోడ కింద పిల్లనెలా పడుకోబెడతారని కసిరి, బాగుచేత అయ్యేదాకా మీ చిట్టి నా దగ్గరే ఉంటుందని పరుపుతో సహా ఎత్తుకుపోయింది. నాలుగు వారాలుగా రాత్రుళ్లు తల్లీ కూతుళ్లు అక్కడే పడుకుంటున్నారు. పిల్ల పగలు కూడా అక్కడే. మొగుడు మాత్రం జాకీలకి కాపలా ఉండాలని ఒక్క రాత్రి కూడా రాలేదు. ఎంత బాధ్యత గలవాడో అనుకుంది ఆమె.

"చిట్టి ఎక్కడ పడుకుంటోంది?" అంది.

అతను మట్టి వంకే చూస్తున్నాడు.

"నిన్నే. మన పిల్ల ఎక్కడ పడుకుంటోంది?"

"వెంటనే ఏం కాదు" అన్నాడు. "మనది కుంగిందని అదీ కుంగాలనేముంది? మనది బాగవగానే తెచ్చేసుకుందాం. సార్ చేయిస్తానంటున్నారుగా."

"మనం తెచ్చేసుకుందాం. ఆయా?"

మేస్త్రీ ఆరిపోయిన సిగరెట్టు వంక చూసుకున్నాడు. కాంట్రాక్టరు గడియారం చూసుకుని, ఆడవాళ్లు కాస్త ఆవేశపడతారు, నువ్వు నచ్చజెప్పుకోరా అని గోతిలోకి చెప్పి కదలబోయాడు.

ఆమె లేచి నిలబడింది. ఫ్యాక్టరీలో గానీ ఇంట్లో గానీ ఎవరికీ ఎదురు చెప్పిన మనిషి కాదు.

"మీ లారీ పంపకండి. ఈ గొయ్యి పూడ్చం. వరసలోవాళ్లందరూ వచ్చి చూసేదాకా ఇలాగే ఉంటుంది."

కాంట్రాక్టరు ముఖంలో అన్నగారు మాయమయ్యాడు. "సంతోషం. మేస్త్రీ, పొద్దు వాలేలోగా మన జాకీలు తీసుకొచ్చెయ్" అన్నాడు.

జాకీలు తీస్తే మూల కూలుతుందని అక్కడున్న అందరికీ తెలుసు. గోతిలోంచి మొగుడు గట్టిగా ఏడుపు గొంతుతో అన్నాడు, "కాళ్లు పట్టుకోవే! ఇల్లు పోతుందే! అంతా నీ నోటి మూలంగానే!" పదకొండేళ్ల కష్టం ఆమె కళ్ల ముందు తిరిగింది. ఓవర్‌టైము చేసిన ఆదివారాలు, ఒక్క జత చెప్పులతో లాగించిన వానలు గుర్తొచ్చాయి. కాళ్లు పట్టుకోవాలనిపించింది కూడా. నిజం దాచడమెందుకు, ఒక్క క్షణం మోకాళ్లు వంగాయి.

వంగినామె నిచ్చెన అందుకుని గోతిలోకి దించింది.

"ఎక్కిరా. జాకీలు తీసేస్తారంట" అంది. గుడ్డ మూటని చంకన పెట్టుకుని వీధిలోకి నడిచింది.

వరస పొడుగునా తలుపుల ముందు బట్టలు ఆరేసి ఉన్నాయి. పొట్టోడి పెళ్లాం గిన్నెలు తోముతూ, ఏంటొదినా ఆ కంపు అని ముక్కు మూసుకుంది. ఆమె ఆగలేదు. ఆగితే మళ్లీ నడవలేనేమోనని భయం.

ఆయా ఇంటి తలుపు తట్టింది. లోపల నిద్ర గొంతు, ఆ వెనక చిట్టి నవ్వూ వినిపించాయి. గడియ తీసిన చప్పుడైంది గానీ తలుపు రాలేదు.

"పట్టేసిందే! పైన తోసి కింద తన్ను" అని లోపలి నుంచి ఆయా కేకేసింది.

ఆమె తోసి తన్నింది. తలుపు కిర్రుమని జానెడు తెరుచుకుని బిగుసుకుపోయింది. ఆ సందులోంచి చిట్టి పక్కవాటుగా జారి బయటికొచ్చి తల్లి కాళ్లని చుట్టుకుంది. ఆయా భారీ మనిషి. సందులో చెయ్యీ భుజమూ పెట్టి చూసి, నేనిందులో పట్టనులే అని నవ్వింది.

"వానకి చెక్క ఉబ్బిందంట. నిన్న మీ ఆయన వచ్చి చిత్రిక పట్టి వెళ్లాడు. నేను అడగను కూడా లేదు, తనే చూసి చేశాడు పాపం. ఇంటి పని వదిలి వచ్చానంటే తిడుతుంది, దానికి చెప్పకక్కా అన్నాడు. ఆ మనిషిని ఏమీ అనకు, బంగారం."

రాత్రి చీకట్లో గమనించని తలుపు అంచుని ఆమె ఇప్పుడు చూసింది. రంగు పోయి పచ్చి చెక్క బయటపడి ఉంది. చెక్క ఉబ్బితే అంచంతా సమంగా చెక్కుతారు. ఇది పైన బొటనవేలి మందాన మొదలై కిందికి వచ్చేసరికి ఏమీ లేకుండా పోయింది. వంకరపోయిన గుమ్మానికి సరిపోయేలా తలుపుని వంకరగా కోశాడు. కూతురు లోపల ఆడుకుంటుంటే, చెక్క పొట్టు ఊదుకుంటూ, నెమ్మదిగా, నైపుణ్యంగా కోశాడు. గడప వారన ఆ పొట్టు ఇంకా చుట్టలు చుట్టలుగా పడి ఉంది.

ఇప్పుడు ఆ కొలత కూడా చాలలేదు.

"ఏంటే అలా ఉన్నావు? ఆ మూటేంటి?"

ఆమె మూటని సందులోంచి లోపలికి అందించింది. ఆయా అందుకుని, వాసనకి ముఖం చిట్లించి, ముడితో కుస్తీ పట్టింది.

"ఇదేం ముడే, రాదు?"

"లోపలికి దోపిన కొస ఉంటుందక్కా" అంది ఆమె. "అది పట్టుకుని లాగు."