గట్టు మీది తువ్వాలు

రెజీనా సంచిలో నీళ్ల సీసా, పెన్సిలు, ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోతే ఎక్కించుకునే చిన్న బ్యాటరీ పెట్టుకుంది. నేను జొన్నరొట్టెలు గుడ్డలో చుట్టి పైన పెట్టాను. తీసి అడుగుకు తోసింది. నేను మళ్లీ పైకి తెచ్చాను.

"అవ్వా, సంచి సర్దుకోనిస్తావా లేదా?"

"సర్దుకో మే. నేనేమన్నా పట్టుకుంటినా?"

రెజీనా నా కొడుకు కూతురు. కర్నూలులో ఫోన్ల కొట్లో పని. సెలవు దొరికితే బేతంచెర్లకు నా దగ్గరికి వచ్చేది. ఫోన్‌లో ఆమెకొక ఆట ఉండేది. ఎవరో ఎక్కడో చిన్న డబ్బా దాస్తారు. పటం చూసుకుంటూ దాన్ని వెతకాలి. దొరికితే లోపలి కాగితం మీద పేరు రాసి, ఫోన్‌లో 'దొరికింది' అని నొక్కి, డబ్బాను ఉన్నచోటే పెట్టి రావాలి. సిగ్నల్ లేనిచోట ఈ ఆట ఎలా సాగుతుందో చూసి అభిప్రాయం రాయమని ఆ యాప్ వాళ్లు అడిగారట. అందుకని పాత గనికి బయలుదేరింది. బండలు తీయడం మానేశాక ఆ గుంతలో నీళ్లు నిలిచాయి.

"మీ తాత ఆ గుంతలో బండలు తీసి బతికె. నువ్వు డబ్బాలు ఎతకనీకి పోతాండావు. సదువు శానా ముదిరిందిలే."

"తాత తువ్వాలు పెట్టిపోతాండె కదా. నేనూ పెట్టిపోతాలే."

గనిలోకి దిగేవాళ్లు గట్టు మీద పాతిన గూటానికి తువ్వాలు కట్టి దిగేవారు. పైకొచ్చి విప్పుకునేవారు. తువ్వాలు ఉంటే మనిషి ఇంకా కిందే ఉన్నట్టు. ఎవరిది వారే విప్పాలి. ఇంకొకరిది ముట్టుకుంటే తిట్లు పడేవి. నా మొగుడు, రెజీనా తాత లేవి, గనికి పోయిన రోజుల్లో సాయంత్రమైతే నేను ఆ గూటం కేసే చూసేదాన్ని.

రెజీనా నా ఫోన్‌లోనూ ఆ యాప్ వేసింది. "నేను డబ్బా దొరికిందని నొక్కితే నీకు తెలుస్తాది. కింద సిగ్నల్ లేదు కాబట్టి నొక్కింది లోపలే ఉంటాది, గట్టెక్కినాకనే వస్తాది. అది వచ్చిందంటే నేను తువ్వాలు ఇప్పుకున్నట్టే. సరేనా?"

"సరే. పోతానని అనొద్దు మే, పోయొస్తానను."

"పోయొస్తా, పోయొస్తా! వచ్చేతలికి సంగటి చెయ్."

బైబిల్లో అక్షరాల కింద వేలు పెట్టుకుంటూ చదువు నేర్చుకున్నదాన్ని. ఆ పూట అదే వేలు ఫోన్ మీద పెట్టుకుని కూర్చున్నాను. పెరట్లో కోడి అరిచినా ఉలిక్కిపడ్డాను. ఇంట్లో నాతో మాట్లాడేవాళ్లు ఎవరూ లేరు.

ఎండ వాలుతుండగా ఫోన్ మోగింది. రెజీనా పేరు, పక్కన 'దొరికింది'. దేవునికి స్తోత్రం చెప్పి పొయ్యి వెలిగించాను. సంగటి కెలికి, ముద్ద చేసి, ఆరిపోకుండా మూతపెట్టాను.

వాకిట్లోకి వచ్చింది లారీ నడిపే నారాయణ. చేతిలో సంచి ఉంది.

"అమ్మా, ఈ సంచి గనికాడ నీళ్ల పక్కన ఉండె. మనిషి కనపళ్లేదు. సిగ్నల్ కోసం సంచి ఎత్తుకోని పైకి ఉరికొచ్చి మనోళ్లకు ఫోన్ చేస్తి. దిగి ఎతుకుతాండారు. ఇది మన రెజీనాదేనా?"

సంచి నోరు తెరిచాను. రొట్టెలు పైనే ఉన్నాయి. వాటి పక్కన ఆమె ఫోన్ ఉంది.

కొన్ని నెలల తరువాత నా ఫోన్‌లో ఆ యాప్ అడిగింది: సిగ్నల్ లేనప్పుడు మేము ఎలా పనిచేశాం? ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ రాశాను.

'పటం సరిగానే చూపింది, డబ్బా దొరికింది. నొక్కింది దాచిపెట్టి, సిగ్నల్ అందగానే పంపింది. అయితే ఫోన్ పైకొస్తే మనిషి వచ్చిందనుకున్నాను. పైకొచ్చినాక మనిషి తన చేత్తో నొక్కేది ఒకటి పెట్టండి. అది నొక్కేదాకా ఇంట్లోవాళ్లకు, ఇంకా కిందే ఉంది, అని చూపండి. వెతకడానికి పోతారు.'

మరుసటి రోజు జవాబు వచ్చింది. కృతజ్ఞతలు చెప్పి, ఈ ఇబ్బంది ఎవరికి, ఎప్పుడు కలిగిందో తెలపమన్నారు.

రాసి పంపాను. రెజీనా, నా మనవరాలు. బేతంచెర్ల పాత గని నుంచి తిరిగి రాలేదు. 2023 ఆగస్టు 12, శనివారం.