నలభయ్యో దినం పప్పు

ఉదయగిరి నుంచి ఆత్మకూరుకు బస్సు నడిపిన మహబూబ్ సుభాని పోయి రేపటికి నలభై రోజులు. ఆ దినం ఫాతిహా ప్రార్థన చదివించడానికి, చనిపోయినవాడికి ఇష్టమైనది వండాలి. అతనికి ఇష్టమైనదేమో పక్కింటి రమణమ్మ చేసే చింతచిగురు పప్పు. రమణమ్మ కూడా నిరుడే పోయింది. అందుకని సుభాని భార్య హసన్‌బీ, రమణమ్మ భర్త పెంచలయ్య దగ్గరికి వచ్చింది.

"వదిన చేతి పప్పు నాకు రాదన్నా. నువ్వే చెయ్యాల. ఫాతిహా అయ్యేదాకా రుచి మాత్రం చూడొద్దు."

"మా నైవేద్యమూ అంతేలేమ్మా."

మర్నాడు పెంచలయ్య భార్య చేసినట్టే చిగురు నలిపి పప్పులో వేశాడు. వెల్లుల్లి దంచి తాలింపు పెట్టాడు. రుచి చూశాకే ఉప్పు వేసే అలవాటు ఆయనది. ఆ రోజు రుచి చూడలేదు.

ఫాతిహా చదివాక అందరూ భోజనానికి కూర్చున్నారు. మొదటి ముద్దకే పెంచలయ్య తలెత్తి హసన్‌బీ వైపు చూశాడు.

"ఉప్పు మరిచినానమ్మా! ఈ చప్పిడి పప్పుకి సుభాని ఉంటే నన్ను బస్సు దించేసేవాడు."

"దించడన్నా. బీపీ వచ్చినాక వదిన ఆయనకని ఉప్పెయ్యకముందే ఒక గిన్నె తీసి పంపేది. నీకు తెలవదా?"

పెంచలయ్యకు తెలియదు. రమణమ్మ ఏనాడూ చెప్పలేదు. హసన్‌బీ నిజమే చెప్పిందో, తనను ఊరడించిందో ఆయన అడగలేదు. ఆమె ఇంకో గరిటె వడ్డిస్తే వద్దనకుండా తిన్నాడు.