నడుపుతున్నారు

ఆమెకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. తను ఇంట్లో ఏ పూటో కూలబడిపోతే, మూడేళ్ళ పాప అమ్మ నిద్రపోతోందనుకుని టీవీలో బొమ్మలు చూస్తూ కూర్చుంటుంది. టీవీ మోగుతూనే ఉంటుంది కాబట్టి పక్కవాళ్ళు కూడా ఇంట్లో అంతా సవ్యంగానే ఉందనుకుంటారు. పాపకి బిస్కెట్ల డబ్బా అందుతుంది, మంచినీళ్ళు అందుతాయి. తలుపు గడియ మాత్రం అందదు. అందుకని ఆమె లోపల ఉన్నప్పుడు గడియ వేయడం మానేసి, తలుపుకి కుర్చీ అడ్డం పెడుతోంది. భర్త ఎక్కడో వంతెన పనిలో ఉన్నాడు, రెండు నెలలకోసారి వస్తాడు. ఈ సంగతి ఒకసారి ఫోన్లో చెబితే, "నీకు పనీపాటా లేక ఇలాంటివి తోస్తున్నాయి" అన్నాడు. అప్పటికి ఆమె పనిలో చేరి రెండేళ్ళయింది.

మంగళవారం పొద్దున పదిన్నరకి, కంప్యూటర్ల దుకాణంలో వెనక బల్ల దగ్గర కూర్చుని, ఫోన్ల పుస్తకం ముందేసుకుని ఆమె మూడో నంబరు నొక్కింది. బల్ల మీద నల్లటి రబ్బరు చాప పరిచి ఉంది. ఒక మూల స్టీలు పళ్ళెంలో స్క్రూలు, ఇంకో మూల నాలుగు స్క్రూడ్రైవర్లు, వేడెక్కకుండా చిప్పులకి పూసే, తుడిచినా పోని బూడిదరంగు పేస్టు మరకలు. అదే పేస్టు ఆమె చూపుడువేలి గోటి సందులోనూ ఉంది.

"ఎలా నడుస్తోందండీ కొత్త కంప్యూటర్?"

"అది బాగానే నడుస్తోందమ్మా. మావాడే నడవట్లేదు, కుర్చీలోంచి లేస్తేగా! దాన్ని కాస్త పాడుచేసే మార్గమేదైనా ఉంటే చెప్పు తల్లీ."

"అది మా దగ్గర దొరకదండీ" అని, పుస్తకంలో చివరి గడిలో 'బాగుంది' అని రాసింది.

దుకాణంలో ఇది పాత పద్ధతి. బిగించిన కంప్యూటర్ ఇంటికి వెళ్ళిన మూడోరోజు ఫోన్ చేసి కనుక్కోవాలి. ఎత్తకపోతే మర్నాడు, ఆ మర్నాడు. నాలుగుసార్లూ దొరక్కపోతే ఆ వరస కొట్టేయొచ్చు. "బాగోలేకపోతే వాళ్ళే అరుచుకుంటూ వస్తారు, మనం వెంటపడక్కర్లేదు" అంటాడు ఓనరు.

పేజీ తిప్పబోతూ పైనున్న వరస దగ్గర ఆగింది. లారీ డ్రైవరు. పోయిన వారం మంగళవారం, బుధవారం, గురువారం గడుల్లో తన చేత్తోనే రాసింది, 'నడుపుతున్నారు' అని మూడుసార్లు. శుక్రవారం గడిలో 'స్విచ్ ఆఫ్'. దాని మీద శనివారం అడ్డగీత పడింది. అడ్డగీత పడిన నంబరుకి ఫోన్ చేసే నియమం లేదు. అయినా చేసింది. స్విచ్ ఆఫ్ అనే వచ్చింది.

ఆయన మొదటిసారి వచ్చింది నెల కిందట. పొట్టి మనిషి, భుజాలు మాత్రం వెడల్పు. ఎడమకన్ను మీద పల్చటి పొర. ముందు కౌంటర్లో ఎవరితోనో మాట్లాడి, అక్కణ్ణుంచి ఇక్కడికి తోస్తే వచ్చాడు. ముందువాళ్ళు తెగని బేరాలన్నీ వెనక్కే తోస్తారు. బడ్జెట్ ఇంతే అని బిగుసుకు కూర్చునేవాళ్ళని మరీను. ఇంటర్ మొదటి ఏడాది మధ్యలో చదువు ఆగిపోయినా, చేరినప్పుడు డబ్బాల మీద స్టిక్కర్లంటించే పనే ఇచ్చినా, బడ్జెట్లో కుదర్చడం ఆమెకి వచ్చినట్టు దుకాణంలో ఇంకొకరికి రాలేదు. ఉన్న డబ్బులో ఏం కొనాలో ఎవరైనా చెబుతారు. ఏది వదులుకోవాలో చెప్పడం ఆమె పని.

"లారీ నడిపే ఆట ఉందటగా, అది ఆడాలి" అన్నాడాయన. "ముప్పై నాలుగేళ్ళు నడిపాను. కన్ను పోయిందని లైసెన్సు ఆపేశారు. అరవై వేలున్నాయి. ఒక్కటి కూడా పైన లేదు, ముందే చెబుతున్నా."

"స్టీరింగ్ కూడా అందులోనేనా బాబాయ్?"

"స్టీరింగ్ లేకుండా లారీ ఏంటి అమ్మాయ్? నోటితో బుర్రుమనమంటావా?"

ఆమె కాగితం తీసుకుంది. తెర అక్కర్లేదు, ఇంట్లో పాత టీవీ ఉంది. స్టీరింగు, పెడళ్ళు, గేరు కడ్డీ కలిపి ఎవరో వాడి అమ్మిన సెట్టు ఒకటి దుకాణంలోనే ఉంది. ముందు బొమ్మని నడిపించే గ్రాఫిక్స్ కార్డు రాసింది, రోడ్డు తడబడకుండా కనిపించాలంటే డబ్బు పెట్టాల్సింది దాని మీదే. దానికి సరిపోయే ప్రాసెసరు, మదర్‌బోర్డు, పదహారు జీబీల మెమరీ. చివరికొచ్చేసరికి అరవై మీద ఇంకో నాలుగు వేలు దాటింది. అందరూ ఇక్కడ పవర్ సప్లై మీద కోస్తారు, అది కనపడదు కాబట్టి. ఆమె అది మాత్రం ముట్టుకోదు. ఇంట్లో కరెంటు ఊగినా ఊగకుండా లోపలికి నికరంగా పంపే డబ్బా అది. చవకది పెడితే ఒకరోజు దానితోపాటు అన్నీ మాడిపోతాయి. అద్దం తలుపున్న క్యాబినెట్ కొట్టేసి రేకుది రాసింది. లోపల రంగురంగుల లైట్లు కొట్టేసింది.

"లైట్లెందుకులే, సర్కస్ డేరానా" అన్నాడు ఆయన.

ఇంకా పద్దెనిమిది వందలు ఎక్కువుంది. చప్పుడు చేయని కూలింగ్ ఫ్యాను మీద గీత పెట్టి, ప్రాసెసరుతో ఊరికే వచ్చే ఫ్యానే ఉంచింది. "ఇది బాగానే పనిచేస్తుంది గానీ, రొద చేస్తుంది బాబాయ్. పక్క గదిలోకి కూడా వినపడుతుంది."

"చేయనీ తల్లీ. చప్పుడు లేకపోతే బండి ఆగిపోయిందేమోనని గుండె జారిపోతుంది నాకు. ఇంటావిడ పోయినప్పట్నుంచీ ఆ ఇంట్లో గోడగడియారం కూడా గట్టిగా కొట్టుకోదు."

లెక్క సరిగ్గా అరవై వేలకి దిగింది. ఆయన కాగితం తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. రెండోసారి వచ్చినప్పుడు డబ్బుతోపాటు చిన్న గుడ్డమూట తెచ్చాడు. అందులో గేరు కడ్డీకి పైన ఉండే గుండు, తను నడిపిన చివరి లారీది. నల్లటిది, అరచేయి ఆనేచోట అరిగి నున్నగా అయిపోయింది. మీద చెక్కిన అంకెల్లో ఒకటి, రెండు కనపడటం లేదు. దాన్ని ఆట గేరు కడ్డీకి బిగించమన్నాడు. మర వదులైంది. ఆమె కుళాయి పైపులకి చుట్టే తెల్లటేపు మూడు చుట్లు చుట్టి తిప్పితే పట్టింది. ఆయన పట్టుకుని ఊపి చూశాడు.

బిల్లు మీద ఫోన్ నంబరు రాయిస్తూ అన్నాడు. "ఫోన్ చేస్తే ఎత్తలేదని అనుకోకు అమ్మాయ్. స్టీరింగ్ ముందు కూర్చుంటే నేను ఎత్తను. ముప్పై నాలుగేళ్ళలో ఒక్కసారే ఎత్తాను."

ఆ ఒక్కసారి ఏమైందో ఆయన చెప్పలేదు. శనివారం సాయంత్రం ఆటోలో తనే వెళ్ళి బిగించి ఇచ్చింది. మంగళవారం ఫోను మోగి మోగి ఆగిపోతే, ఆ మాట గుర్తొచ్చి నవ్వుకుంది. నడుపుతున్నారు, అని రాసింది.

మధ్యాహ్నం ఒంటిగంటకి డబ్బా తెరిచి, తినేముందు పక్కింటి పిన్నికి ఫోన్ చేసింది. పాప పగలంతా ఆవిడ దగ్గరే ఉంటుంది. ఆవిడ ఎత్తేదాకా ఎన్నిసార్లు మోగిందో లెక్కపెట్టడం ఆమెకి అలవాటు. ఆరుసార్లు.

"ఇది నిక్షేపంలా ఉంది తల్లీ. పోయేలా ఉన్నది నేనే. నా కళ్ళజోడు తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో పాతిపెట్టింది."

"అన్నం తిందా పిన్నీ?"

"తింది, నాదీ తింది. ఇంకో గంటకి మళ్ళీ చేస్తావుగా, అప్పుడు ఏం చేసిందో చెబుతా. పెట్టేయ్."

మధ్యాహ్నమంతా రెండు కంప్యూటర్లు బిగించింది. ఇచ్చేముందు ప్రతిదాన్నీ పన్నెండు గంటలు ఆపకుండా నడిపి చూడాలి, కాబట్టి వెనక గదిలో ఎప్పుడూ ఏదో ఒకటి రొద చేస్తూనే ఉంటుంది. మొదట్లో తలనొప్పి వచ్చేది. ఇప్పుడు ఇంటికి వెళ్ళాకగానీ చెవుల్లో ఏదో ఆగిందని తెలియదు.

ఐదు దాటాక ఒకతను రెండు చేతులా క్యాబినెట్ పట్టుకుని వెనక్కి వచ్చాడు. భుజానికి సంచి, అందులోంచి స్టీరింగు సగం బయటికి కనపడుతోంది. రేకు క్యాబినెట్ మీద తనంటించిన వారంటీ స్టిక్కరు చూసి, ఎవరిదో ఆమెకి ముందే తెలిసింది.

"వాడింది తీసుకుంటారని ముందు కౌంటర్లో ఆయన చెప్పాడండీ. మా పెదనాన్నది. పది రోజులే అయింది కొని."

"ఏమైనా ఇబ్బంది ఇచ్చిందా?" అంది. అలవాటు మాట అది.

"లేదండీ. ఆయన పోయారు."

బల్ల మీద పెట్టమని చేత్తో చూపించింది. అతను పెట్టి, సంచి దించి, నిలబడే చెప్పాడు. గుండెపోటట. పోయిన వారం సోమవారం సాయంత్రమే అయిపోయిందన్నారు డాక్టర్లు, ఆరింటి ప్రాంతంలో. తెలిసింది మాత్రం శుక్రవారం పొద్దున పదింటికి.

"శుక్రవారమా?"

"పక్కవాటావాళ్ళకి గోడ అవతల్నించి మిషను చప్పుడు వినపడుతూనే ఉందట. బట్టలారేసేటప్పుడు కిటికీలోంచి తెర కూడా కనపడేదట. కుర్చీ వీపు ఇటే ఉంటుంది కదా, ఆడుకుంటున్నాడనుకున్నారు. శుక్రవారం కరెంటు పోయి, చప్పుడు ఆగిపోతే అప్పుడు అనుమానమొచ్చి తలుపు కొట్టారు."

ఆమె స్క్రూడ్రైవరు తీసుకుని మళ్ళీ అక్కడే పెట్టింది. "తెర మీద ఏముండేదట?"

"లారీయేనండీ. రోడ్డు పక్కకి తీసి ఆపి ఉండేదట. నాలుగు వైపులా లైట్లు వెలుగుతూ ఆరుతూ." అతను మెడ రుద్దుకున్నాడు. "ఆయన ఫోను చార్జింగ్ పెట్టి చూశాను. మూడు మిస్డ్ కాల్సున్నాయి. మూడూ మీ దుకాణానివే. ఇంకెవరివీ లేవు. నేను నెలకోసారి చేసేవాణ్ణి, ఈ నెల ఇంకా చేయలేదు."

ముందునుంచి ఓనరు తొంగిచూసి, "అమ్మాయ్, పనిచేస్తుందో లేదో చూసి చెప్పు, రేటు కడతాను" అన్నాడు.

వైరు గుచ్చి మీట నొక్కింది. ఫ్యాను లేచింది. గరగరమంటూ మొదలై, రెండు క్షణాల్లో ఒకే మోతగా నిలబడింది. పక్క గదిలోకి వినపడుతుంది అని తను చెప్పిన మోత. డిస్కు మొత్తం ఎన్ని గంటలు నడిచిందో చూపించే పేజీ తెరిచింది, వాడినవాటికి అది తప్పకుండా చూడాలి. నూట పద్దెనిమిది గంటలు. అందులో పన్నెండు తను ఇక్కడ నడిపి చూసినవి. సోమవారం సాయంత్రం ఆరు నుంచి శుక్రవారం పొద్దున పది దాకా వేళ్ళమీద లెక్కపెట్టింది. ఎనభై ఎనిమిది. మిగిలినవి పద్దెనిమిది.

ఆ ఎనభై ఎనిమిది గంటల్లో ఒక్కసారి కూడా అది ఆగలేదు, వేడెక్కలేదు. పవర్ సప్లై మంచిది.

"బాగుంది" అంది ఓనరుతో.

అతను డబ్బు తీసుకున్నాడు. ఓనరు ఆమె ముఖం చూసి, ఏదో అనాలి కాబట్టి, "మనం నాలుగుసార్లు చేశాం కదా. అంతకంటే ఎవరు చేస్తారు" అన్నాడు. ఆమె తలూపింది. ఏడుపు రాలేదు. వస్తుందేమోనని కాసేపు చూసింది కూడా.

తర్వాత విప్పడం మొదలుపెట్టింది. గ్రాఫిక్స్ కార్డు, మెమరీ, ప్రాసెసరు, ఒక్కొక్కటీ తీసి తుడిచి, 'వాడినది' అని స్టిక్కరంటించి, దేని అరలో దాన్ని పెట్టింది. ఫ్యాను రెక్కల మీద అప్పుడే పల్చగా దుమ్ము పట్టింది. గేరు కడ్డీ గుండు తిప్పితే తెల్లటేపుతో సహా వచ్చేసింది. అది పెట్టే అర లేదు. ముందు కౌంటర్లో కాగితాల పని ముగించుకుని బయటికి వెళ్ళబోతున్నతన్ని పిలిచి చూపించింది.

"దానికేం వస్తుందండీ. ఉంచుకోండి" అన్నాడు.

ఏడింటికి బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. మూడో స్టాపులో దిగి సందులోకి నడిస్తే ఆయన ఇల్లు. పోయిన వారం మంగళవారం, బుధవారం, గురువారం కూడా ఇదే బస్సు, ఇదే స్టాపు. బస్సు ఆగింది, ఇద్దరు దిగారు, కదిలింది.

పిన్ని ఇంటి తలుపు తీసే ఉంది. లోపల టీవీ మోగుతోంది. పాప దాని ముందు బోర్లా పడుకుని ఉంది. ఆమె చెప్పులు విప్పకుండానే వెళ్ళి పాప వీపు మీద చేయి వేసి, కదిలేదాకా ఉంచింది.

"నిద్రపోలేదే అది. చూస్తోందిగా" అంది పిన్ని.

"పిన్నీ, రేపట్నుంచి పొద్దున ఏడింటికి నేను నీ తలుపు కొడతాను. కొట్టకపోతే నువ్వొచ్చి నాది కొట్టు. టీవీ మోగుతున్నా సరే."

"ఇప్పుడేమైందే?"

"ఏమీ కాలేదు" అంది.

ఫోన్ల పుస్తకంలో ఆ మూడు గడులూ అలాగే ఉన్నాయి, ఆమె కొట్టేయలేదు. గేరు గుండు స్టీలు పళ్ళెంలో స్క్రూల మధ్య కూర్చుంది, మెడకి మూడు చుట్ల తెల్లటేపుతో. ఏ స్క్రూ కోసం చేయి పెట్టినా ముందు అదే తగులుతుంది, నున్నగా, చల్లగా. ఇది చదివాక ఒక్క పని చేసిపెట్టండి. మీ గోడ అవతల ఒంటరిగా ఉన్నవాళ్ళెవరైనా ఉంటే, చప్పుడు వినపడుతోంది కదా అని ఊరుకోకుండా, ఇవాళే వెళ్ళి ఒకసారి తలుపు తట్టి చూడండి.