నలభై ఏడో పేజీ

పోర్టోనోవో నగరంలోని గణిత భౌతికశాస్త్ర విభాగానికి మొదట్లో ఉన్న ఆస్తి ఒక గది, ఒక నల్లబల్ల, ఆచార్య గాండొను చేత్తో రాసుకున్న పుస్తకం. బయటి దేశాల పత్రికలు ఓడలో వచ్చేసరికి పాతబడేవి. అందుకని ఆయన ఒక పద్ధతి పెట్టారు. పరిశోధనకు కొత్తగా చేరినవాళ్లు తమ ముందువాళ్ల పుస్తకాన్ని చేత్తో నకలు రాసుకోవాలి. ఊరికే రాస్తే చాలదు. ప్రతి లెక్కా స్వయంగా చేసి, పేజీ అడుగున "సరిచూశాను" అని సంతకం పెట్టాలి. ముప్పై ఏళ్లలో కంప్యూటర్లు వచ్చాయి, గదులు ఆరయ్యాయి, పద్ధతి మాత్రం మారలేదు. ఇప్పటికి ఎనిమిది నకళ్లు. మూడోది సెనామిది. దాన్ని చూసి నాలుగోది రాసిన కూవి ఇప్పుడు విభాగాధిపతి.

తొమ్మిదోది రాస్తున్న హుయెఫా, సెనామి విద్యార్థిని. నాలుగు నెలలుగా నలభై ఏడో పేజీ దాటలేదు.

"నీ నత్తమ్మ ఇంకా పాకుతూనే ఉందా అక్కా?" అన్నాడు కూవి, పులిసిన మొక్కజొన్న పిండితో చేసిన అకాస్సా ముద్దకు చుట్టిన ఆకు విప్పుతూ. "శుక్రవారం కమిటీ. అప్పటికి నకలు పూర్తి కాకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. నాకేం సరదా కాదు."

"నత్త పాకినచోట జాడైనా ఉంటుంది. నువ్వు గెంతినచోట ఏముంటుందో!" అంది సెనామి.

అన్నదే గానీ, ఆమెకూ దిగులుగానే ఉంది. హుయెఫా బల్ల దగ్గరికి వెళ్లింది.

"ముప్పైసార్లు చేశానక్కా," అంది ఆ పిల్ల. "కట్టేసిన తాడు చివర తాకి అల వెనక్కి వచ్చేటప్పుడు తలకిందులై రావాలి కదా. ఈ పుస్తకంలో నిటారుగా వచ్చేస్తోంది. నేను సంతకం పెట్టలేను."

"నీ ముందు ఎనిమిదిమంది పెట్టారు కదమ్మా."

"అదే కదా ఏడుపు! అంతమందికి తెలిసింది నాకు తెలియట్లేదంటే, ఇంటికెళ్లి మా అత్త పక్కన చేపలు కాల్చుకోవడం మేలు."

పాత నకళ్లు బీరువాలో ఉంటాయి. సెనామి వాటిని వెనక నుంచి ఒక్కొక్కటే విప్పింది. ఎనిమిదిలో నలభై ఏడో పేజీ చివరి వరుసకు ముందు, అల తలకిందులైందని చెప్పే రుణ గుర్తు లేదు. ఏడులో లేదు. నాలుగులో, కూవి రాతలో, లేదు. మూడులో, తన రాతలో, లేదు. రెండులో ఉంది. నల్లసిరాతో, స్పష్టంగా.

తన సంతకం కింద తేదీ చూసింది. అమ్మను మట్టి చేసిన తరువాతి వారం. ఆ వారం రాసిన పేజీలన్నీ ముత్యాల్లాంటి అక్షరాలు. ఒక్క లెక్కయినా చేసిన గుర్తు ఆమెకు లేదు. నలభై ఎనిమిదో పేజీ వేరే దారిలో మొదలవుతుంది కాబట్టి తప్పు ఎవరికీ తగల్లేదు.

కలం చేతిలోనే ఉంది. ఒక్క చిన్న గీత గీస్తే తన పుస్తకం సరైపోతుంది. తప్పు నాలుగో నకలు దగ్గర మొదలైనట్టు కనిపిస్తుంది. సెనామి కలం మొనను ఆ వరుస దాకా తెచ్చింది. తరవాత కలానికి మూత పెట్టింది.

శుక్రవారం ఆచార్య గాండొను చేతికర్రతో వచ్చి కుర్చీలో కూర్చున్నారు. మిగిలిన సభ్యులందరూ ఆ పద్ధతిలో పెరిగినవాళ్లే. కూవి నోరు తెరవకముందే సెనామి రెండో నకలు, తన నకలు పక్కపక్కన బల్లమీద పెట్టింది.

"నలభై ఏడో పేజీలో రుణ గుర్తు పోయింది, తప్పు నాది. లెక్క చెయ్యకుండా చేశానని సంతకం పెట్టాను. నా తరవాత ఈ పిల్ల ఒక్కతే పెట్టలేదు."

"అదెలా అక్కా? నీ తరవాత నేను కదా..." అని కూవి మాట మధ్యలో మింగేశాడు.

"కూవీ, నువ్వు చేశావా లెక్క?" అన్నారు గాండొను.

"గురువుగారూ... అక్క దస్తూరీ చాలా బాగుందండీ."

గదంతా నవ్వింది. పెద్దాయన కళ్లు తుడుచుకుని మిగతావాళ్ల వైపు తిరిగారు. ఒకరు కిటికీలోంచి వాన చూస్తున్నారు. ఇంకొకరు చెప్పు సరిచేసుకుంటున్నారు.

"ఇరవై రెండేళ్లుగా మన దగ్గర అల నిటారుగా తిరిగొస్తోందన్నమాట! పాపం, సముద్రానికి ఎవరైనా కబురు చెప్పారా?"

తరవాత ఆయన సెనామి పుస్తకం దగ్గరికి లాక్కుని తేదీ చూశారు. ఆ అంత్యక్రియలకు ఆయనా వెళ్లారు.

"ఆ వారం నీ చేతిలోంచి పుస్తకం లాక్కుని నేనే ఇంటికి పంపాల్సింది," అన్నారు నెమ్మదిగా.

సెనామి తల ఊపింది.

"సీటు సంగతి రాసుకో కూవీ," అన్నారాయన గొంతు పెంచి. "ఈ అమ్మాయికి గడువు లేదు, ఎంత కాలం పడితే అంత. ఇక మీ సంగతి. ఒక్కొక్కరే నల్లబల్ల దగ్గరికి పదండి, ఆ లెక్క చెయ్యండి. ఈ అమ్మాయి సరిచూస్తుంది."

హుయెఫా బెదిరిపోయింది. "నేనా గురువుగారూ?"

"సంతకం పెట్టనిది నువ్వొక్కదానివే కదా!"

ముందు సెనామి వెళ్లింది. పావుగంటలో చివరి వరుసకు చేరి రుణ గుర్తు పెట్టింది. హుయెఫా తల ఊపింది. తరవాత కూవి సుద్దముక్క తీసుకుని చకచకా రాసుకుపోయాడు.

"అన్నా, ఆ నాలుగో వరుస దగ్గర ఒక్కసారి ఆగండి," అంది హుయెఫా.

"ఎందుకమ్మా? బాగానే ఉందిగా!"

"ఎలా వచ్చిందో చెప్పండి."

కూవి నల్లబల్లను చూశాడు, గురువుగారిని చూశాడు, మళ్లీ నల్లబల్లను చూశాడు. నాలుగో వరుస తుడిచేసి, మూడో వరుస కూడా తుడిచేసి, కోటు విప్పి కుర్చీకి తగిలించి, మొదటి నుంచి మొదలుపెట్టాడు.