నడుమని చెప్పు

తడిబట్టల బకెట్టు ఎత్తబోయి ఆమె నేలమీద చతికిలబడింది. ఎడమ పాదం లేవనంటోంది. "నార్మలని రెండుసార్లు రాసిచ్చారు కదా, ఇంకేం నొప్పే నీకు?" అన్నాడు మొగుడు, గుమ్మంలోంచే. ఆరేళ్లుగా ఆ నడుము స్కాన్ రిపోర్టు అతనికి కోర్టు తీర్పు. అత్తగారైతే ఏకంగా "ఆదివారం నొప్పి" అని పేరే పెట్టింది. ఆదివారం చుట్టాలొస్తారు, అంట్లు రెండింతలవుతాయి. ఆ పేరుకు ఇంటిల్లిపాదీ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. అదీ సిగ్గుచేటు.

పాదం పడిపోయాక గానీ పెద్దాసుపత్రికి కదల్లేదు. అక్కడా మొగుడే ముందుకొచ్చి, "నడుము నొప్పండీ ఈవిడకి," అన్నాడు.

"ఆవిణ్ని చెప్పనివ్వండి. ఎక్కడమ్మా?" అంది డాక్టరమ్మ.

ఆమె చెయ్యి దానంతటదే పిర్రమీదికి పోయింది.

"మరి కాగితాలన్నిట్లో నడుమని ఉందే!"

ఉండదా? మొదటిసారి డాక్టరు దగ్గర "పిర్రలో..." అనబోతే మొగుడు మోచేత్తో పొడిచాడు. "ఛీ, మగ డాక్టరు ముందు ఆ మాటేంటి! నడుమని చెప్పు." చెప్పింది. వాళ్లు నడుముకే స్కాన్ తీశారు. నడుము భేషుగ్గా ఉంది.

డాక్టరమ్మ వేరే ఎమ్మారై రాసింది. కాలి నరాన్ని దాని దారి పొడుగునా పట్టి చూపించేది. ఆ గొట్టంలో ఒకటే డబడబ మోత. అయినా పట్టపగలు ఎవరూ కేకెయ్యకుండా ముప్పావుగంట పడుకోవడం పెళ్లయ్యాక ఆమెకదే మొదలు.

"ఇదిగో, కుడి నరం సన్నగా ఉంది చూడండి," అంది డాక్టరమ్మ తెర చూపిస్తూ. "ఎడమది వాచి తెల్లగా మెరుస్తోంది. పిర్రలో కండరం కింద నలిగిపోతోంది. పాత స్కాన్లు దీనికి జానెడు పైనే ఆగిపోయాయి."

"పాదం మళ్లీ వస్తుందా?"

"ఆపరేషన్ చేస్తే కొంత రావచ్చు. మొదట్లోనే తెలిసుంటే..."

జానెడు! ఒక్క మాట మింగినందుకు ఆరేళ్లు, ఒక పాదం. నిజంగానే నాటకమాడుతున్నానేమోనని తనను తానే అనుమానించుకున్న రోజులు ఆమెకు గుర్తొచ్చాయి. ఆ నొప్పిని అబద్ధమన్నది ఎవరు? వాళ్లా, తనా?

మొగుడు గొంతు సవరించుకున్నాడు. "అది సరేనండీ, మళ్లీ పనిలోకి ఎన్నాళ్లకి దిగొచ్చు ఈవిడ?"

ఆమె తెర మీంచి కళ్లు తిప్పలేదు.

"ఈయన్ని బయట కూర్చోమనండి డాక్టరుగారూ. నోరెత్తి చెప్పని చోట్లు నా ఒంట్లో ఇంకా ఉన్నాయి."